సంస్థల నెట్‌వర్కుల్లో ఖాతాల అసాధారణ ప్రవర్తన: యంత్రాభ్యసనంతో గుర్తింపు

ఒక సంస్థ కంప్యూటర్ నెట్‌వర్కులో ప్రతి ఉద్యోగికీ కేటాయించిన ఖాతా రోజూ ఏ వేళకు లాగిన్ అవుతుంది, ఏ కంప్యూటర్ల మీద పనిచేస్తుంది, ఏ ఫైళ్లను తెరుస్తుంది, ఎంత సమాచారాన్ని బయటికి పంపుతుంది అన్న వివరాలను కొన్ని వారాలపాటు గమనించి, వాటి నుంచి ఆ ఖాతా అలవాట్లను కంప్యూటరే గణిత పద్ధతులతో నేర్చుకొని, ఆ అలవాట్లకు పొసగని పని కనిపించినప్పుడు భద్రతా సిబ్బందికి హెచ్చరిక పంపే విధానాన్ని ఖాతాల అసాధారణ ప్రవర్తన గుర్తింపు అంటారు. మనిషి ముందుగా నియమాలు రాసి ఇవ్వకుండా, పాత సమాచారం నుంచి నియమాలను యంత్రమే రాబట్టుకొనే పద్ధతికి యంత్రాభ్యసనం లేదా మెషిన్ లెర్నింగ్ అని పేరు.

ఈ విధానం అవసరం ఎందుకు కలిగిందంటే, సంస్థ చుట్టూ కట్టిన ఫైర్‌వాల్ గానీ, కంప్యూటర్లలో పెట్టిన యాంటీవైరస్ గానీ సరైన పాస్‌వర్డుతో లోపలికి వచ్చినవాణ్ని ఆపలేవు. పాస్‌వర్డు దొంగిలించిన బయటివాడు, తనకున్న అధికారాన్ని పక్కదారి పట్టించిన ఉద్యోగి, ఉద్యోగం మానేసి వెళ్లిపోయినా మూసివేయని ఖాతాను వాడుకొనే పాత మనిషి, ఈ ముగ్గురూ వ్యవస్థ దృష్టిలో అనుమతి ఉన్నవారే. వారిని పట్టించగలిగేది వారు చేసే పని తీరు ఒక్కటే. అయితే యంత్రం కనిపెట్టగలిగింది మామూలుకన్నా తేడాను మాత్రమే. ఆ తేడా నేరమా, పొరపాటా, పండగ ముందరి పని ఒత్తిడా అన్నది ఆ సంస్థలో పని నడిచే పద్ధతి తెలిసిన మనిషే తేల్చాలి. ఈ రంగంలో నాలుగు దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం యంత్రం చూపే తేడాకూ మనిషి ఇచ్చే తీర్పుకూ మధ్య దూరాన్ని తగ్గించే ప్రయత్నమేనని చెప్పవచ్చు.

పూర్వరంగం

1980లో అమెరికాలో జేమ్స్ ఆండర్సన్ తయారుచేసిన నివేదికను ఈ ఆలోచనకు మొదటి మెట్టుగా పరిగణిస్తారు. ఎవరు ఎప్పుడు ఏ ప్రోగ్రాం నడిపారో కంప్యూటర్ తనంతట తాను రాసుకొనే నమోదులను, అంటే లాగ్‌లను, భద్రత కోసం పరిశీలించవచ్చని ఆయన ప్రతిపాదించాడు. లోపలి నుంచి జరిగే ముప్పును ఆయన మూడు రకాలుగా విడదీశాడు: మరొకరి పేరుతో దూరేవాడు, తనకిచ్చిన అధికారాన్ని దుర్వినియోగం చేసేవాడు, నమోదులకే చిక్కకుండా పనిచేసేవాడు. ఈ విభజన నేటికీ చెల్లుతుంది. 1987లో డొరొతీ డెనింగ్ ప్రచురించిన నమూనా దీన్ని గణితరూపంలోకి తెచ్చింది. ప్రతి వాడుకరికీ ఒక ప్రవర్తనా రేఖాచిత్రం, అంటే ప్రొఫైల్, తయారుచేసి, రోజువారీ కొలతల సగటు నుంచి కొత్త కొలత ఎంత దూరం జరిగిందో లెక్కగట్టే పద్ధతిని ఆమె వివరించింది. నేడు మార్కెట్లో దొరికే ఖరీదైన సాఫ్ట్‌వేర్ల అడుగునా ఉన్నది ఈ ఆలోచనే.

ఈ చరిత్రలో తెలుగువారి పాత్ర చెప్పుకోదగినది. తెలుగు పాఠకులకు వైజ్ఞానిక రచయితగా, నిఘంటుకారుడిగా పరిచయమైన వేమూరి వెంకటేశ్వరరావు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఆచార్యుడిగా ఉన్నప్పుడు, ఇహువా లియావోతో కలిసి 2002లో ఒక కొత్త మార్గం చూపాడు. నడుస్తున్న ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే ప్రతి చిన్న పనినీ, అంటే సిస్టమ్ కాల్‌ను, ఒక పదంగానూ, మొత్తం ప్రోగ్రాం నడకను ఆ పదాలతో రాసిన పత్రంగానూ భావిస్తే, పత్రాలను విషయాలవారీగా వర్గీకరించడానికి అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతులు చొరబాట్లను పట్టడానికి పనికివస్తాయని వారు చూపారు. కొత్తగా వచ్చిన పత్రం తనకు అతి సమీపంలో ఉన్న మామూలు పత్రాలను ఎంతవరకు పోలి ఉందో చూసి తీర్పు చెప్పే సమీపపు పొరుగువారి పద్ధతిని వారు ఎంచుకున్నారు. అరుదైన పదానికి ఎక్కువ బరువు, అన్ని పత్రాల్లోనూ కనిపించే పదానికి తక్కువ బరువు ఇచ్చే లెక్కనూ వారు వాడారు. దాన్నే ఖాతాల ప్రవర్తనకు అన్వయించే వాడుక తర్వాతి కాలంలో బాగా వ్యాపించింది. సంస్థలో అందరూ తెరిచే సర్వర్‌ను ఒక ఖాతా తెరిస్తే అది విశేషం కాదు. ఇద్దరు ముగ్గురు మాత్రమే తెరిచే సర్వర్‌ను కొత్త ఖాతా తెరిస్తే చూడవలసిందే.

మరో తెలుగు పేరు కల్యాణ్ వీరమాచనేని. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తున్న ఆయన బృందం, ప్యాటర్న్‌ఎక్స్ అనే సంస్థతో కలిసి, 2016లో ఏఐ స్క్వేర్డ్ అనే వ్యవస్థను ప్రకటించింది. మొదటి రోజు యంత్రం తనకు అత్యంత అసాధారణంగా తోచిన 200 సంఘటనలను విశ్లేషకుడి ముందు పెడుతుంది. అతడు వాటిలో ఏది నిజమైన దాడో, ఏది కాదో గుర్తుపెడితే, ఆ తీర్పుల నుంచి యంత్రం రెండో పాఠం నేర్చుకొని మరుసటి రోజు మరింత మెరుగైన జాబితా ఇస్తుంది. కొద్ది రోజుల్లో విశ్లేషకుడు రోజుకు 30, 40 సంఘటనలు చూస్తే సరిపోయే స్థితి వస్తుంది. 360 కోట్ల లాగ్ పంక్తుల మీద పరీక్షించినప్పుడు ఈ వ్యవస్థ 85 శాతం దాడులను పట్టుకుందని, తప్పుడు హెచ్చరికలను అంతకు ముందరి పద్ధతులతో పోలిస్తే ఐదో వంతుకు తగ్గించిందని పరిశోధకులు తెలిపారు. మనిషి తీర్పును యంత్రం పాఠంలో భాగం చేయడమే ఈ పరిశోధన గొప్పదనం.

హైదరాబాదు ఉదంతాలు

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చే ఉదంతం హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో 2022 జనవరిలో జరిగింది. హైదరాబాదు పోలీసులు అదే ఏడాది మార్చిలో వెల్లడించిన వివరాల ప్రకారం, 2021 నవంబరులో బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా మోసపు ఈమెయిళ్లు వచ్చాయి. ఇద్దరు ఉద్యోగులు వాటిని తెరవడంతో, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే దొంగ సాఫ్ట్‌వేర్ లోపలికి చేరింది. దాడి చేసినవారు తొందరపడలేదు. వారాల తరబడి లోపలే ఉండి, అన్ని అధికారాలూ ఉన్న సూపర్ యూజర్ ఖాతాల పాస్‌వర్డులు సంపాదించారు. ఆ తర్వాత జనవరి 22, 23 తేదీల వారాంతంలో రూ. 12 కోట్లకు పైగా సొమ్మును అదే బ్యాంకులోని కొన్ని ఖాతాల్లోకి, అక్కడి నుంచి వందకు పైగా ఇతర ఖాతాల్లోకి, ఆపైన మరికొన్ని వందల ఖాతాల్లోకి మళ్లించి, దేశంలోని అనేక ఏటీఎంల నుంచి తీసుకున్నారు. 22వ తేదీ నాలుగో శనివారం, 23వ తేదీ ఆదివారం. రెండూ బ్యాంకులకు సెలవు దినాలే.

ఈ ఉదంతాన్ని ప్రవర్తనా విశ్లేషణ కోణంలో చూస్తే ఆనవాళ్లు ఒకటి రెండు కావు. సాధారణ ఉద్యోగి కంప్యూటర్ నుంచి పాలనాధికారాలున్న ఖాతా తెరుచుకోవడం, సెలవు రోజున పెద్ద మొత్తాలు కదలడం, కొత్త ఖాతాల నుంచి డబ్బు చీలికలు పీలికలుగా బయటికి పోవడం ఏ సాదాసీదా నమూనాకైనా అందవలసిన సంగతులు. కానీ పోలీసులు బయటపెట్టిన మరో విషయం అంతకన్నా ముఖ్యమైనది. ఆ బ్యాంకులో సూపర్ యూజర్లు పది మంది ఉండగా, వారిలో కొందరి పాస్‌వర్డులు ఒకటే. పాస్‌వర్డు ఉమ్మడిదైన చోట ఎవరి ఖాతాను ఎవరు వాడారో నమోదు చెప్పలేదు. పలువురి అలవాట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతే, యంత్రానికి ఏ పనీ అసాధారణంగా తోచదు. అందుచేత యంత్రాభ్యసనం కోసం సొమ్ము వెచ్చించే ముందు ప్రతి మనిషికీ ఒక ఖాతా, ప్రతి ఖాతాకూ ఒకే మనిషి అన్న క్రమశిక్షణ నెలకొనాలన్నది ఈ ఉదంతం నేర్పే మొదటి పాఠం. సైబర్ భద్రతా నియమాలను పాటించనందుకు భారతీయ రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు రూ. 65 లక్షల జరిమానా విధించింది. అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకులకు వర్తించే ఆ నియమావళిని రిజర్వు బ్యాంకు 2019 డిసెంబరు 31న జారీ చేసింది.

అంతకు చాలా ముందే హైదరాబాదులో జరిగిన సత్యం కంప్యూటర్స్ వ్యవహారం మరో కోణాన్ని చూపుతుంది. 2009 జనవరి 7న బయటపడిన ఆ కుంభకోణంలో, బిల్లుల నిర్వహణ వ్యవస్థలోకి సూపర్ యూజర్ లాగిన్‌తో ప్రవేశించి, ఏడున్నర వేలకు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లను చేర్చి, వాటిని మామూలు ఉద్యోగులకు కనిపించకుండా దాచారని దర్యాప్తులో తేలింది. ఆ ఖాతా కదలికలను నేటి పద్ధతులతో పరిశీలించి ఉంటే అవి స్పష్టంగా కనిపించేవే. అయితే ఆ హెచ్చరిక ఎవరికి చేరేది? మోసం సంస్థ పైస్థాయి నుంచే నడిచినప్పుడు, హెచ్చరికలు ఆ పైస్థాయి చేతికే చేరితే ఏ నమూనా వల్లా ప్రయోజనం ఉండదు. అత్యున్నత అధికారాలున్న ఖాతాల హెచ్చరికలు ఆడిట్ కమిటీకి నేరుగా అందే ఏర్పాటు ఉండాలనడానికి ఇది బలమైన కారణం.

నమోదుల నుంచి లక్షణాలకు

విశ్లేషణకు ముడిసరుకు లాగ్‌లు. విండోస్ వాడే సంస్థల్లో వాడుకరుల ఖాతాలన్నిటినీ డొమైన్ కంట్రోలర్ అనే కేంద్ర సర్వర్ నిర్వహిస్తుంది. లాగిన్ విజయవంతమైతే 4624, విఫలమైతే 4625, ప్రత్యేకాధికారాలతో జరిగితే 4672, కొత్త ఖాతా సృష్టిస్తే 4720 అన్న సంఖ్యలతో విండోస్ నమోదులు రాస్తుంది. వీటికి తోడు ఇంటి నుంచి పనిచేసేవారు వాడే వీపీఎన్, ఈమెయిల్ సర్వర్, ఫైల్ సర్వర్, ఇంటర్నెట్ ప్రాక్సీ, కార్డు గీకి తలుపు తీసే యంత్రం కూడా తమ తమ నమోదులు రాస్తాయి. ఇవన్నీ ఒకే గడియారం ప్రకారం నడవాలి. ఒక సర్వర్ ఏడు నిమిషాలు ముందుంటే, తలుపు తెరవకముందే ఉద్యోగి లోపలి కంప్యూటర్లో లాగిన్ అయినట్లు కనిపించి లేనిపోని అనుమానం పుడుతుంది.

ఈ నమోదులను యంత్రం నేరుగా నేర్చుకోలేదు. వాటిని లక్షణాలు అనే అంకెలుగా మార్చాలి. ఒక ఖాతాకు ఒక రోజులో మొదటి లాగిన్ వేళ, చివరి లాగౌట్ వేళ, విఫలయత్నాల సంఖ్య, వాడిన వేర్వేరు కంప్యూటర్ల సంఖ్య, గత మూడు నెలల్లో ఎన్నడూ వాడనివి వాటిలో ఎన్ని, చదివిన ఫైళ్లు, బయటికి పంపిన మెగాబైట్లు వంటివి మామూలుగా తీసుకొనే లక్షణాలు. వేళను అంకెగా మార్చడంలో ఒక మెలిక ఉంది. రాత్రి 11:50కీ, 12:10కీ మధ్య ఉన్నది ఇరవై నిమిషాలే అయినా, అంకెలుగా 23.83కీ 0.17కీ మధ్య దాదాపు రోజంత దూరం కనిపిస్తుంది. అందుకే వేళను గుండ్రని గడియారం మీది కోణంగా మార్చి వాడతారు. ఇది పట్టించుకోని నమూనా రాత్రి షిఫ్టు ఉద్యోగులందరినీ నిత్యం అనుమానిస్తూనే ఉంటుంది.

ఇలా వచ్చిన అంకెల మీద పనిచేసే పద్ధతుల్లో అన్నిటికంటే సరళమైనది గణాంక దూరం. ఒక గుమాస్తా రోజుకు సగటున 40 ఫైళ్లు తెరుస్తాడనీ, ఆ సంఖ్య మామూలుగా పది అటూ ఇటూ అవుతుందనీ తెలిస్తే, 400 ఫైళ్లు తెరిచిన రోజు దానంతటదే బయటపడుతుంది. సగటును ఒక్క విపరీతమైన రోజు పాడుచేస్తుంది కనుక మధ్యగతాన్ని వాడటం మంచిది. అనేక లక్షణాలను కలిపి చూడవలసి వచ్చినప్పుడు 2008లో ఫెయ్ టోనీ లియు, కాయ్ మింగ్ టింగ్, జి-హువా జౌ ప్రతిపాదించిన ఐసొలేషన్ ఫారెస్ట్ బాగా ఉపయోగపడుతుంది. సమాచారాన్ని యాదృచ్ఛికంగా ముక్కలు చేసుకుంటూ పోతే, గుంపులో ఉన్న బిందువును విడదీయడానికి చాలా కోతలు కావాలి, ఒంటరి బిందువు రెండు మూడు కోతలకే విడిపోతుంది. ఎంత త్వరగా విడిపోతే అంత అసాధారణం. తక్కువ గణనశక్తితో, ముందుగా దాడి ఉదాహరణలేవీ లేకుండానే పనిచేస్తుంది కనుక చిన్న సంస్థలకు ఇది అనువైనది.

ఆటోఎన్‌కోడర్ అనే నాడీజాలం, అంటే న్యూరల్ నెట్‌వర్క్, మరో దారిలో వెళ్తుంది. అది మామూలు రోజుల వివరాలను కుదించి మళ్లీ విప్పడం నేర్చుకుంటుంది. ఎన్నడూ చూడని తరహా రోజును సరిగ్గా విప్పలేక తడబడుతుంది, ఆ తడబాటు పరిమాణమే హెచ్చరిక. సంఘటనల వరుసక్రమాన్ని నేర్చుకొనే నాడీజాలాలు తర్వాత రావలసిన సంఘటనను ముందే ఊహించి, ఊహ తప్పినప్పుడు అనుమానిస్తాయి. ఖాతాలను, కంప్యూటర్లను బిందువులుగా, లాగిన్లను వాటిని కలిపే గీతలుగా భావించే గ్రాఫ్ పద్ధతులు, దాడి చేసినవాడు ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పక్కపక్కగా జరుగుతూ పోయే తీరును పట్టడంలో మిగతావాటికన్నా మేలు. మహేష్ బ్యాంకు వంటి చోట పనికివచ్చేది ఇదే.

ఖాతాను దాని గతంతోనే పోల్చడం చాలదు, తోటివారితోనూ పోల్చాలి. కొత్తగా చేరిన ఉద్యోగికి గతం ఉండదు కనుక, అదే విభాగంలో అదే హోదాలో ఉన్నవారి ప్రవర్తనను అతడికి తాత్కాలిక ప్రమాణంగా వాడతారు. ఆడిట్ సమయంలో అకౌంట్స్ విభాగమంతా రాత్రి తొమ్మిది దాకా పనిచేస్తే ఒక్కరి పేరు మీద హెచ్చరిక రానవసరం లేదు.

కమలాపురం వంటి చోట్ల

ఇటువంటి వ్యవస్థల అవసరం హైదరాబాదు, బెంగళూరు నగరాల అద్దాల మేడలకే పరిమితమన్న అభిప్రాయం సరికాదు. పాపఘ్ని తీరాన ఉన్న కడప జిల్లా కమలాపురాన్ని తీసుకుంటే, ఆ మండలంలోని నల్లలింగాయపల్లె వద్ద భారతి సిమెంట్ కర్మాగారం ఉంది. 2010 నుంచి దానిలో అధిక వాటా ఫ్రాన్సుకు చెందిన వికా సంస్థది. పక్కనున్న ఎర్రగుంట్ల ప్రాంతంలో మరిన్ని సిమెంటు కర్మాగారాలున్నాయి. కలమళ్ల సమీపంలో 1,650 మెగావాట్ల సామర్థ్యంతో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. బ్యాంకు శాఖలు, విద్యుత్ పంపిణీ కార్యాలయాలు, గ్రామ సచివాలయాలు అన్నీ కేంద్ర సర్వర్లతో ముడిపడి ఉన్నాయి. ఇలాంటి చోట్ల మామూలు ప్రవర్తన నగరపు ఆఫీసుది కాదు. నగరంలో తయారై వచ్చిన నమూనాకు ఈ తేడా తెలియకపోతే అది మొదటి వారంలోనే సిబ్బంది విశ్వాసం కోల్పోతుంది.

మూడు షిఫ్టుల్లో నడిచే కర్మాగారంలో కంట్రోల్ రూం ఖాతాలు తెల్లవార్లూ చురుకుగానే ఉంటాయి. కిల్న్, అంటే సున్నపురాతిని కాల్చే తిరుగుడు బట్టీ, మరమ్మతు కోసం ఆపినప్పుడు బయటి నుంచి వచ్చిన సాంకేతిక నిపుణులు కొత్త ల్యాప్‌టాప్‌లతో, అరుదుగా వాడే ఖాతాలతో లాగిన్ అవుతారు. యంత్రం దృష్టిలో అది దాడిలాగే ఉంటుంది. అదే సమయం నిజమైన దాడికి కూడా అనువైనది. 2013లో అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థలోకి చొరబడినవారు వాడింది శీతలీకరణ పనుల కాంట్రాక్టరుకు ఇచ్చిన ఖాతానే. కనుక షట్‌డౌన్ తేదీలను, అనుమతించిన కాంట్రాక్టర్ల జాబితాను ముందుగానే నమూనాకు తెలియజేయాలి గానీ, ఆ రోజుల్లో హెచ్చరికలను మొత్తంగా ఆపివేయడం ప్రమాదకరం.

గ్రామ సచివాలయాల విషయం మరీ ఆసక్తికరమైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థలో, 2024 జులై నుంచి సచివాలయ ఉద్యోగులే ఒకటో తేదీన ఇంటింటికీ వెళ్లి పింఛను అందిస్తున్నారు. ఒకటో తేదీ ఉదయమే ఒకే ఖాతా నుంచి పదుల సంఖ్యలో చెల్లింపులు నమోదు కావడం మామూలు. అదే ఖాతాలో పదిహేనో తేదీ రాత్రి అవే లావాదేవీలు కనిపిస్తే ఆరా తీయాలి. పంటరుణాల రెన్యువల్ జరిగే నెలల్లో, మార్చి 31 ముగింపు రోజుల్లో గ్రామీణ బ్యాంకు శాఖల ఖాతాలు ఇలాగే తమ అలవాటును వదిలేస్తాయి. నెల, పంటకాలం, పండగ అనే మూడు కాలచక్రాలను లక్షణాల్లో చేర్చని నమూనా రాయలసీమలో నిలవదు.

సంస్థ రూపమే మారినప్పుడు ప్రమాణం పూర్తిగా చెదిరిపోతుంది. కడప ప్రధాన కార్యాలయంగా 2006లో ఏర్పడిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారింది. ఇలాంటి విలీనంలో వాడుకరి పేర్లు, అధికార పరిధులు, సర్వర్లు, పని వేళలు అన్నీ మారతాయి కనుక, పాత నమూనా ప్రతి పనినీ అసాధారణమనే చెబుతుంది. దీన్ని భావన మార్పు, అంటే కాన్సెప్ట్ డ్రిఫ్ట్, అంటారు. నమూనాకు మళ్లీ పాఠం చెప్పాలి. కానీ ఆ పాఠకాలంలో లోపల దొంగ ఉంటే, అతడి పని కూడా మామూలు కింద జమ అవుతుంది. ఈ కాలంలో యంత్రం మీద ఆధారపడటం తగ్గించి, సూపర్ యూజర్ ఖాతాలను మనుషులే రోజూ పరిశీలించడం ఉత్తమం.

అసాధ్య ప్రయాణం అనే ప్రసిద్ధ పరీక్ష కూడా ఈ ప్రాంతంలో జాగ్రత్తగా వాడవలసినదే. ఒకే ఖాతా పది గంటలకు కడప నుంచీ, పదీ నలభైకి జర్మనీ నుంచీ లాగిన్ అయితే, ఆ దూరాన్ని ఆ సమయంతో భాగిస్తే వచ్చే వేగం ఏ విమానానికీ సాధ్యం కాదు కనుక ఖాతా చోరీ అయిందని గట్టిగా అనుమానించవచ్చు. కానీ మొబైల్ డేటా వాడే ఉద్యోగి కమలాపురంలో కూర్చున్నా, అతడి టెలికాం సంస్థ ఇంటర్నెట్‌తో కలిసే కేంద్రం హైదరాబాదులోనో చెన్నైలోనో ఉంటే, చిరునామా ఆ నగరానిదిగానే కనిపిస్తుంది. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ ఆగిపోయి ఫోను హాట్‌స్పాట్‌కు మారిన ప్రతిసారీ అతడు క్షణంలో రెండు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణించినట్లు లెక్క తేలుతుంది. దేశం దాటిన దూరాలకే ఈ పరీక్షను గట్టిగా నమ్మాలి.

తప్పుడు హెచ్చరికల గణితం

ఈ రంగంలో అత్యంత కఠినమైన చిక్కు నేరాల అరుదుతనం. 2,000 ఖాతాలున్న సంస్థలో ఒక్కో ఖాతా రోజుకు 100 సంఘటనలు నమోదు చేస్తుందనుకుంటే, రోజుకు రెండు లక్షల సంఘటనలవుతాయి. వెయ్యింట ఒక్కసారి మాత్రమే పొరబడే నమూనా కూడా రోజుకు 200 తప్పుడు హెచ్చరికలు ఇస్తుంది. నిజమైన దాడి నెలకొకటి జరిగితే, దాదాపు ఆరు వేల హెచ్చరికల్లో అది ఒకటి. నమూనా 99.9 శాతం ఖచ్చితమని అమ్మకందారు చెప్పే మాట నిజమే అయినా, విశ్లేషకుడి బల్లమీదికి వచ్చే కాగితాల్లో దాదాపు అన్నీ వృథా అన్నది కూడా అంతే నిజం. స్వీడన్ పరిశోధకుడు స్టెఫాన్ ఆక్సెల్‌సన్ 2000 ప్రాంతంలోనే ఈ విషయాన్ని గణితపరంగా వివరించాడు.

అమెరికాలోని లాస్ ఆలమోస్ జాతీయ ప్రయోగశాల 2015లో విడుదల చేసిన సమాచారం దీన్ని ప్రత్యక్షంగా చూపుతుంది. 58 రోజుల పాటు 12,425 మంది వాడుకరుల, 17,684 కంప్యూటర్ల నుంచి పేర్లు తొలగించి సేకరించిన ఆ రాశిలో లాగిన్ సంఘటనలు నూరు కోట్లకు పైగా ఉండగా, పరీక్ష కోసం ప్రయోగశాల నియమించిన దాడి బృందం చేసినవి ఏడు వందల పైచిలుకు మాత్రమే. ప్రపంచంలో ఈ రంగపు పరిశోధకులు చాలామంది తమ నమూనాలను దీనిమీద పరీక్షిస్తారు. భారతీయ సంస్థల నుంచి ఇంత విస్తారమైన సమాచారం పరిశోధకులకు బహిరంగంగా అందుబాటులోకి రాకపోవడం పెద్ద లోటు.

ఈ చిక్కుకు ఆచరణలో విరుగుడు హెచ్చరికలను ఒక్కొక్కటిగా పంపకుండా ఖాతావారీగా కూడబెట్టడం. ఒక ఖాతా అర్ధరాత్రి తెరుచుకుంటే కొన్ని మార్కులు, కొత్త కంప్యూటర్ మీద తెరుచుకుంటే మరికొన్ని, ప్రత్యేకాధికారం కోరితే ఇంకొన్ని కలిపి, మొత్తం ఒక హద్దు దాటినప్పుడే మనిషికి చూపుతారు. చూపేటప్పుడు అంకెతో సరిపెట్టకుండా కారణాన్ని మామూలు భాషలో రాయాలి. ప్రమాద సూచిక 87 అని వచ్చే హెచ్చరికను ఎవరూ పట్టించుకోరు. ఈ ఖాతా గత 90 రోజుల్లో ఎన్నడూ తెరవని పేరోల్ సర్వర్‌ను ఆదివారం రాత్రి తెరిచిందని రాసి ఉంటే వెంటనే ఫోను చేస్తారు.

చిన్న బ్యాంకులు, సహకార సంఘాలు సొంతంగా ఇరవై నాలుగు గంటల పర్యవేక్షణ బృందాన్ని భరించలేవు. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతికాభివృద్ధి పరిశోధన సంస్థ, అంటే ఐడీఆర్‌బీటీ, ఈ దిశగా చేసిన కృషి పేర్కొనదగినది. బ్యాంకులు తమకెదురైన ముప్పుల వివరాలను పరస్పరం పంచుకొనే కేంద్రాన్ని అది 2014లో ప్రారంభించింది. మోసాల గుర్తింపులో యంత్రాభ్యసనం మీద అక్కడ ఆచార్యుడు వడ్లమాని రవి వంటివారు దీర్ఘకాలం పరిశోధించారు. అనేక చిన్న సంస్థలు కలిసి ఒకే పర్యవేక్షణ కేంద్రాన్ని వాడుకోవడమే రాయలసీమ పట్టణాల సహకార బ్యాంకులకు ఆచరణసాధ్యమైన మార్గం.

చట్టం, ఉద్యోగి గోప్యత

భారత కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం, అంటే సెర్ట్-ఇన్, 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి, గడియారాలను ప్రామాణిక సమయంతో సరిచూసుకోవాలి, సైబర్ సంఘటన తెలిసిన ఆరు గంటల్లోగా నివేదించాలి. మహేష్ బ్యాంకులో మోసపు ఈమెయిళ్లకూ డబ్బు తరలింపుకూ మధ్య రెండు నెలలకు పైగా గడిచిందని గుర్తుంచుకుంటే, ఆరు నెలల నమోదులు ఎందుకు కావాలో అర్థమవుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, యజమానిని నష్టం నుంచి కాపాడుకొనే అవసరాల కోసం ఉద్యోగి సమాచారాన్ని విడిగా సమ్మతి తీసుకోకుండానే వాడుకొనే వీలు కల్పించింది. అయితే గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పిన దేశంలో ఆ వీలును హద్దుల్లేని అనుమతిగా భావించడం తప్పు. దొంగతనం పట్టడానికి సేకరించిన లాగిన్ వేళలను ఉద్యోగి సోమరితనం కొలవడానికి వాడటం మొదలుపెట్టిన సంస్థలో, సిబ్బంది ఒకరి ఖాతాను మరొకరు వాడుకోవడం ద్వారా దానినుంచి తప్పించుకుంటారు. అప్పుడు నమోదుల విలువే నశిస్తుంది.

పొరపాటు హెచ్చరిక భారం ఎవరిమీద పడుతుందో కూడా ఆలోచించాలి. శాశ్వతోద్యోగి మీద వచ్చిన అనుమానం విచారణతో ముగుస్తుంది గానీ, కాంట్రాక్టు పద్ధతిలో పనిచేసే డేటా ఎంట్రీ ఆపరేటరు మీద వచ్చిన అనుమానం అతడి కొలువునే తీసేయవచ్చు. ఇటువంటి వ్యవస్థను ప్రవేశపెట్టే ప్రతి సంస్థా ఏయే నమోదులు సేకరిస్తున్నదో సిబ్బందికి తెలుగులో రాతపూర్వకంగా ముందే తెలపాలి. హెచ్చరిక వచ్చినప్పుడు అవసరమైతే ఖాతాను తాత్కాలికంగా నిలిపివేయవచ్చు గానీ, మెమో ఇచ్చే ముందు సంబంధిత ఉద్యోగినీ, అతడి పైఅధికారినీ పిలిచి, ఆ రోజు ఆ వేళ అక్కడ ఏ పని జరిగిందో అడిగి తెలుసుకోవాలి.